టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చిందా? గోలీ మొదలుపెట్టే ముందు రిపోర్టులో ఏం చూడాలి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా ల్యాబ్ వాళ్లు ఇచ్చే థైరాయిడ్ రిపోర్టు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. మూడు లైన్లు: టీ3, టీ4, టీఎస్‌హెచ్. ఎదురుగా నార్మల్ రేంజ్. ఏ అంకె అయినా ఆ రేంజ్ దాటితే దాన్ని లావుపాటి అక్షరాల్లో ప్రింట్ చేస్తారు. ఆ లావుపాటి అంకె చూడగానే ఇంట్లో పరేషాన్ మొదలవుతుంది. ఫోటో తీసి రియాద్‌లో ఉన్న తమ్ముడికి, హైదరాబాద్‌లో ఉన్న ఖాలాకు వాట్సాప్ పెడతారు. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు "నాకూ ఇదే వచ్చింది, ఈ గోలీ వేసుకో, జిందగీభర్ వాడాలి" అని చెప్పేస్తారు.

చాలామంది విషయంలో అంత తొందర అవసరం లేదు. కొందరి విషయంలో మాత్రం ఒక్క వారం ఆలస్యం కూడా నష్టమే. తేడా తెలియాలంటే ఆ మూడు లైన్లను విడివిడిగా కాకుండా కలిపి చదవాలి.

టీఎస్‌హెచ్ అంటే ఆర్డర్, టీ4 అంటే స్టాకు

థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు భాగంలో ఉంటుంది. అది తయారుచేసే ముఖ్యమైన హార్మోన్ టీ4. శరీరం దాన్ని అవసరాన్ని బట్టి టీ3గా మార్చుకుంటుంది. టీఎస్‌హెచ్ మాత్రం థైరాయిడ్ నుంచి రాదు. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యుటరీ గ్రంథి దాన్ని పంపుతుంది. షాపులో స్టాకు తగ్గుతోందంటే సేఠ్ గోడౌన్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు కదా, అలాంటిదే ఇది. రక్తంలో టీ4 తగ్గుతోందని అనిపిస్తే పిట్యుటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది. స్టాకు ఎక్కువైతే ఆర్డర్లు ఆపేస్తుంది.

అంటే టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందంటే ఆర్డర్లు పెరిగాయని మాత్రమే అర్థం. స్టాకు నిజంగా తగ్గిందా లేదా అన్నది టీ4 చెప్పాలి. ఇంకో సంగతి, టీ4 కొంచెం కదిలితే చాలు, టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఎగురుతుంది. అందుకే 4 ఉన్నవారికంటే 8 ఉన్నవారికి జబ్బు రెండింతలు ఉందని లెక్క కట్టకూడదు.

పెద్దవాళ్లకు చాలా ల్యాబ్‌లు టీఎస్‌హెచ్ రేంజ్‌ను 0.4 నుంచి 4 లేదా 4.5 దాకా వేస్తాయి. ఈ రేంజ్‌ను ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం పరీక్షించి, వాళ్లలో 95 శాతం మంది ఎక్కడ ఉన్నారో చూసి గీస్తారు. ఆ లెక్కలోనే నూటికి అయిదుగురు ఆరోగ్యవంతులు గీత బయట పడతారు. వయసుతో పాటు టీఎస్‌హెచ్ కొద్దిగా పెరగడం కూడా మామూలే. 75 ఏళ్ల నానీమాకు 6 వస్తే అది ఆమె వయసుకు నార్మల్ కావచ్చు. అదే 6 గర్భిణికి వస్తే ఊరుకోకూడదు.

రిపోర్టులో ఉన్నది ఏ టీ4?

తక్కువ ధర ప్యాకేజీల్లో 'థైరాయిడ్ ప్రొఫైల్' అంటే చాలాసార్లు టోటల్ టీ3, టోటల్ టీ4, టీఎస్‌హెచ్. రక్తంలో టీ4 చాలా భాగం ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది, పనిచేసేది విడిగా తిరిగే చిన్న భాగమే. దాన్నే ఫ్రీ టీ4 అంటారు. గర్భంతో ఉన్నా, గర్భనిరోధక గోలీలు వాడుతున్నా ఆ ప్రొటీన్లు పెరుగుతాయి. దాంతో టోటల్ టీ4 ఎక్కువ చూపిస్తుంది. థైరాయిడ్‌కు ఏమీ కాలేదు, అంకె మాత్రం లావు అక్షరాల్లో వస్తుంది. కాబట్టి తేడా కనిపించినప్పుడు డాక్టర్‌ను మొదట అడగాల్సింది ఫ్రీ టీ4 గురించి.

గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల రిపోర్టులతో ఇంకో గందరగోళం ఉంది. అక్కడి ల్యాబ్‌లు ఎక్కువగా ఫ్రీ టీ4ను పికోమోల్స్‌లో ఇస్తాయి, ఇక్కడివి నానోగ్రాముల్లో ఇస్తాయి. దమ్మామ్‌లో 15.4 ఉన్నది మహబూబ్‌నగర్‌లో 1.2 అయ్యిందని భయపడతారు. నిజానికి ఆ రెండూ ఒకటే. నానోగ్రాముల అంకెను సుమారు 12.9తో గుణిస్తే పికోమోల్స్ వస్తాయి. టీఎస్‌హెచ్‌కు ఈ తలనొప్పి లేదు. మైక్రో యూనిట్లు పర్ మిల్లీలీటర్ అన్నా, మిల్లీ యూనిట్లు పర్ లీటర్ అన్నా అంకె మారదు.

టీఎస్‌హెచ్ ఎక్కువ, ఫ్రీ టీ4 నార్మల్

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. టీఎస్‌హెచ్ 6.8, ఫ్రీ టీ4 రేంజ్‌లోనే ఉందనుకుందాం. డాక్టర్లు దీన్ని సబ్‌క్లినికల్ హైపోథైరాయిడిజం అంటారు. గ్రంథి కొంచెం కష్టపడుతోంది కానీ సరుకు అందిస్తూనే ఉంది. హైదరాబాద్‌తో కలిపి దేశంలోని 8 నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లను పరీక్షించిన సర్వే 2013లో అచ్చయింది. అందులో ఈ రకం తేడా సుమారు 8 శాతం మందిలో కనిపించింది. హైపోథైరాయిడిజం మొత్తం దాదాపు 11 శాతం. అంటే ఇది అరుదైన విషయం కాదు. వలీమాకు వచ్చిన చుట్టాలందరికీ పరీక్ష చేయిస్తే కొందరికైనా బయటపడుతుంది.

ఇలాంటి రిపోర్టు వచ్చాక సరైన పద్ధతి రెండు, మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేయించడం. ఈసారి ఫ్రీ టీ4, యాంటీ టీపీవో యాంటీబాడీ కూడా చూడాలి. చాలామందికి రెండోసారి టీఎస్‌హెచ్ దానంతటదే దిగివస్తుంది. మొదటి రిపోర్టుకే గోలీ మొదలుపెడితే, అది తగ్గింది గోలీ వల్లనా, మామూలుగానేనా అన్నది ఎప్పటికీ తేలదు. తర్వాత ఆపడానికి ధైర్యం చాలదు. అలా అవసరం లేకుండానే ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఉంటారు.

యాంటీ టీపీవో పాజిటివ్ వస్తే, శరీరంలోని రోగనిరోధక శక్తే థైరాయిడ్ మీద దాడి చేస్తోందని అర్థం. దీన్ని హాషిమోటో అంటారు. అయినా అదే రోజు గోలీ కావాలని కాదు. ఇంగ్లండ్‌లోని వికమ్ అనే చోట 20 ఏళ్ల పాటు జనాన్ని గమనించి 1995లో ఫలితాలు ప్రకటించారు. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉండి యాంటీబాడీలు కూడా ఉన్న ఆడవాళ్లలో ఏడాదికి నూటికి నలుగురికి పైగా పూర్తి హైపోథైరాయిడ్‌గా మారారు. టీఎస్‌హెచ్ ఒక్కటే ఎక్కువ ఉన్నవాళ్లలో అది రెండున్నర శాతం దగ్గర. కాబట్టి యాంటీబాడీ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా పరీక్ష చేయించుకోవడం మంచిది. యాంటీబాడీ అంకె 300 నుంచి 600 అయ్యిందని ప్రతి మూడు నెలలకూ దాన్నే కొలిపించడం డబ్బు దండగ.

మరి గోలీ వేసుకుంటే నీరసం పోదా? యూరప్‌లో 65 ఏళ్లు దాటిన 737 మందికి ఇదే పరిస్థితిలో సగం మందికి థైరాక్సిన్, సగం మందికి ఉత్తుత్తి గోలీ ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత అలసటలో, లక్షణాల్లో ఇద్దరి మధ్య తేడా రాలేదు. ఇది 2017లో ప్రచురితమైంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2019లో అచ్చువేసిన నిపుణుల సిఫారసు కూడా సబ్‌క్లినికల్ ఉన్న పెద్దవాళ్లకు మామూలుగా గోలీ వద్దనే చెప్పింది. అయితే గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్లు, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లు, బాగా చిన్న వయసువాళ్లు ఆ సిఫారసు కిందికి రారు. రెండుసార్లు చూసినా 10 దాటి ఉంటే మన దగ్గర చాలామంది డాక్టర్లు వైద్యం మొదలుపెడతారు. అదీ సబబే. 4.5కు, 10కి మధ్య ఉంటే మాత్రం వయసు, గొంతు వాపు, యాంటీబాడీ, పిల్లల కోసం ప్రయత్నం, కొలెస్ట్రాల్ అన్నీ చూసి నిర్ణయించాలి. గోలీ ఇచ్చి చూద్దాం అనుకుంటే కొన్ని నెలల గడువు పెట్టుకుని, తేడా లేకపోతే ఆపేయడం గురించి ముందే మాట్లాడుకోవాలి.

బరువు సంగతి కూడా చెప్పాలి. పూర్తి హైపోథైరాయిడ్ ఉన్నా దాని వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలే. 20 కిలోల లావుకు టీఎస్‌హెచ్ 6ను బద్నాం చేయడం సరికాదు. ఊబకాయం ఉన్న పిల్లల్లో బరువు వల్లనే టీఎస్‌హెచ్ కాస్త పెరుగుతుంది, బరువు తగ్గితే అదీ దిగుతుంది.

అంకెను మార్చేవి

టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా ఉండదు. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. మొదటి రిపోర్టు పొద్దున 7 గంటలకు, రెండోది మధ్యాహ్నం 3కు ఇస్తే పోలిక కుదరదు. అదే ల్యాబ్, దాదాపు అదే టైమ్ పాటించాలి. పరగడుపున ఉండడం తప్పనిసరి కాదు. రంజాన్‌లో నిద్ర వేళలు తారుమారవుతాయి కాబట్టి, అంచు మీద ఉన్న అంకెను ఈద్ అయిపోయి కొన్ని వారాలు గడిచాక మళ్లీ చూసుకోవడం మేలు.

డెంగీ లాంటి గట్టి జ్వరంతో దవాఖానలో చేరినప్పుడు 'ఎలాగూ రక్తం తీస్తున్నాం' అని థైరాయిడ్ కూడా చేసేస్తుంటారు. పెద్ద జబ్బులో టీఎస్‌హెచ్ పడిపోతుంది, కోలుకునేటప్పుడు 10 దాటి కూడా పోతుంది. గట్టి అనుమానం ఉంటే తప్ప ఆ సమయంలో చేయించకపోవడమే మంచిది. చేయించి ఉంటే కోలుకున్న కొన్ని వారాలకు మళ్లీ చూడాలి.

జుట్టు రాలుతోందని వాడే బయోటిన్ గోలీలది ఇంకో తమాషా. జుట్టు రాలడం థైరాయిడ్ లక్షణాల్లో ఒకటి. అందుకని బయోటిన్ వేసుకుంటారు. ఆ బయోటిన్ కొన్ని మెషీన్లలో పరీక్షనే తప్పుదారి పట్టించి టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ అని చూపిస్తుంది. లేని హైపర్‌థైరాయిడ్ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే దీనిపై హెచ్చరించింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, ల్యాబ్‌లో చెప్పాలి. స్టెరాయిడ్లు, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, మానసిక జబ్బుకు ఇచ్చే లిథియం కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఇవి సొంతంగా ఆపకూడదు. వాడుతున్నామని డాక్టర్‌కు చెబితే చాలు.

ఆగకూడనివాళ్లు

టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉండి ఫ్రీ టీ4 రేంజ్ కంటే తక్కువ ఉంటే అది పూర్తి హైపోథైరాయిడిజం. మూడు నెలలు ఆగే పని లేదు, వైద్యం మొదలుపెట్టాలి.

గర్భిణులది వేరే లెక్క. మొదటి మూడు నెలల్లో కడుపులో బిడ్డ తల్లి టీ4 మీదే ఆధారపడి ఉంటుంది. కేంద్ర ఆరోగ్య శాఖ 2014 మార్గదర్శకాల్లో మొదటి మూడు నెలలకు టీఎస్‌హెచ్ 2.5, తర్వాత 3 దాకా అని గీత పెట్టారు. అమెరికా థైరాయిడ్ సంఘం 2017లో, స్థానిక రేంజ్ లేకపోతే మొదట్లో 4 దాకా చూడొచ్చంది. అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే ఒకరు తప్పు అనుకోనక్కర్లేదు. ఇదివరకే గోలీ వాడుతున్నవాళ్లకు గర్భం అని తెలిసిన వారంలోనే డాక్టర్‌ను కలవాలి, ఎందుకంటే డోసు సాధారణంగా పెంచాల్సి వస్తుంది. 'కడుపుతో ఉన్నప్పుడు మందులు వద్దు' అని అత్తగారు ఆపించేస్తే బిడ్డకే నష్టం.

పుట్టిన బిడ్డ విషయంలో అసలే ఆగొద్దు. పుట్టగానే టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగిరి రెండు రోజుల్లో దిగుతుంది, కాబట్టి మడమ రక్తం 48 గంటల తర్వాత తీస్తారు. అప్పుడూ బాగా ఎక్కువ ఉంటే వెంటనే రెండో పరీక్ష, రెండు వారాల లోపే మందు. ఆలస్యమైతే దెబ్బతినేది బిడ్డ తెలివితేటలు. అవి తర్వాత తిరిగి రావు.

టీఎస్‌హెచ్ తక్కువ వస్తే

0.1 కంటే తక్కువ, ఫ్రీ టీ4 లేదా టీ3 ఎక్కువ: థైరాయిడ్ ఎక్కువగా పని చేస్తోంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, బరువు తగ్గడం ఉంటాయి. కానీ ఎందుకు ఎక్కువైందో తెలియకుండా కార్బిమజోల్ మొదలుపెట్టకూడదు. గ్రేవ్స్ జబ్బు అయితే గ్రంథి కొత్తగా హార్మోన్ తయారుచేస్తూ ఉంటుంది, అప్పుడు ఆ మందు పనికొస్తుంది. థైరాయిడైటిస్ అయితే గ్రంథి వాచి, ఉన్న స్టాకు బయటకు కారిపోతోంది. కొత్త తయారీని ఆపే మందు అక్కడ దండగ. దడ తగ్గడానికి మాత్రం మందు ఇస్తారు. ప్రసవమైన ఏడాదిలోపు ఇది ఎక్కువగా వస్తుంది. మొదట కొన్ని వారాలు టీఎస్‌హెచ్ పడిపోయి, తర్వాత పెరిగి, చాలామందిలో మళ్లీ నార్మల్ అవుతుంది. రెండింటికీ తేడా చెప్పేవి ట్రాబ్ అనే యాంటీబాడీ పరీక్ష, టెక్నీషియం స్కాన్. బిడ్డకు పాలిస్తున్న తల్లి స్కాన్‌కు ముందు ఆ మాట తప్పక చెప్పాలి.

కార్బిమజోల్ వాడుతున్నప్పుడు గొంతు నొప్పితో జ్వరం వస్తే మందు ఆపి అదే రోజు తెల్ల రక్తకణాల పరీక్ష చేయించాలి. అరుదుగా అవి ప్రమాదకరంగా పడిపోతాయి.

గర్భం మొదటి నెలల్లో, ముఖ్యంగా వాంతులు ఎక్కువ ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ తగ్గడం గర్భ హార్మోన్ వల్ల కూడా జరుగుతుంది. ఎక్కువమందికి దానంతటదే సర్దుకుంటుంది.

ఫ్రీ టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ కూడా తక్కువ లేదా 'నార్మల్'

ఇది అరుదు, కానీ తప్పిపోయేది ఎక్కువ. స్టాకు అయిపోయినా సేఠ్ ఆర్డర్ పెట్టడం లేదంటే తేడా సేఠ్ దగ్గరే ఉంది, అంటే పిట్యుటరీలో. ప్రసవంలో తీవ్ర రక్తస్రావం అయిన తల్లికి పిట్యుటరీ దెబ్బతిని ఇలా జరగొచ్చు. పాలు పడవు, నెలసరి తిరిగి రాదు, ఏళ్లకు ఏళ్లు నీరసం. దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. టీఎస్‌హెచ్ ఒక్కటే చేయిస్తే రిపోర్టు నార్మల్ అని వచ్చి ఇంటికి పంపేస్తారు. ఇలాంటివాళ్లకు పొద్దున కార్టిసాల్ పరీక్ష ముందు చేయాలి. కార్టిసాల్ తక్కువ ఉండగా థైరాక్సిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్టెరాయిడ్ మొదట, థైరాక్సిన్ తర్వాత.

నల్లగొండ నీళ్లు, కీళ్ల నొప్పులు

మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు 'ఇదంతా ఫ్లోరైడ్ వల్లే' అన్న మాట థైరాయిడ్ రిపోర్టు దగ్గర కూడా వినిపిస్తుంది. పూర్తిగా గాలి మాట కాదు. ఎక్కువగా పనిచేసే థైరాయిడ్‌ను అణచడానికి గత శతాబ్దం మధ్యలో ఫ్లోరైడ్‌ను మందుగా వాడిన డాక్టర్లు ఉన్నారు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న చోట్ల చేసిన అధ్యయనాలు కొన్ని సంబంధం ఉందంటే, కొన్ని కనపడలేదన్నాయి. అయితే ఒక మనిషి రిపోర్టు చదివే పద్ధతి దీనివల్ల మారదు.

అసలు చిక్కు లక్షణాల్లో ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లకు నడుం పట్టేయడం, కీళ్ల నొప్పులు, నీరసం ఉంటాయి. హైపోథైరాయిడ్‌లోనూ ఒళ్లు నొప్పులు, నీరసమే. రక్తహీనతలో, డీ విటమిన్ లోపంలో, బీ12 లోపంలో కూడా అవే. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు వచ్చినా, అంతకుముందు ముప్పై, నలభై ఏళ్లు బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్ల ఎముకల్లో చేరింది చేరినట్టే ఉంది. అలాంటి పెద్దాయనకు టీఎస్‌హెచ్ 6 కనిపించగానే నొప్పులన్నీ థైరాయిడ్ ఖాతాలో వేస్తే గోలీ వాడినా నొప్పి తగ్గదు. ఆ తర్వాత డోసు పెంచుతూ పోతారు. అవసరానికి మించిన థైరాక్సిన్ ఎముకలను పలచన చేస్తుంది, గుండె లయ తప్పిస్తుంది. హిమోగ్లోబిన్, డీ విటమిన్, బీ12 కూడా చూసి, ఫ్లోరోసిస్ సంగతి డాక్టర్‌కు చెప్పి మాట్లాడడం మంచిది.

పరీక్ష ఎక్కడ

ప్రభుత్వ తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు 2021 జూన్‌లో జిల్లాలకు వచ్చాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. పీహెచ్‌సీ డాక్టర్ రాస్తే అక్కడే రక్తం తీసి జిల్లా కేంద్రానికి పంపుతారు, థైరాయిడ్ పరీక్ష ఉచితం. ఫ్రీ టీ4, ట్రాబ్, స్కాన్ లాంటివి అవసరమైతే రెండు పట్టణాల మెడికల్ కాలేజీ దవాఖానల్లో అడగాలి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్‌లలో ఎండోక్రైనాలజీ విభాగాలు ఉన్నాయి. పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా పట్టుకెళ్లాలి. మందు మొదలుపెట్టక ముందు తీసిన రిపోర్టు అన్నిటికంటే విలువైనది, దాన్ని పారేయొద్దు.

పెళ్లి సంబంధాల టైమ్‌లో ఆడపిల్ల థైరాయిడ్ రిపోర్టును దాచిపెట్టేవాళ్లు, అది తెలిసి సంబంధం వదులుకునేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. డోసు సరిగా ఉన్న అమ్మాయి గర్భానికి, ప్రసవానికి మామూలుగా థైరాయిడ్ అడ్డు కాదు. దాచి గోలీ ఆపేస్తేనే సమస్య.

గోలీ తప్పదని తేలితే

మన షాపుల్లో దొరికే థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్ లాంటి వాటిలో ఉండే థైరాక్సిన్ ల్యాబ్‌లో తయారైనది, జంతువుల నుంచి తీసింది కాదు. అమెరికా నుంచి చుట్టాలు 'నేచురల్ థైరాయిడ్' అని పంపేది మాత్రం సాధారణంగా పంది గ్రంథుల పొడి. సీసా మీద పోర్సిన్ అన్న మాట ఉందేమో చూసుకోవాలి.

గోలీని నీళ్లతో పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట దాకా చాయ్ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం గోలీలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. రంజాన్‌లో రెండు దారులు. సెహ్రీకి అరగంట, గంట ముందు లేచి వేసుకోవడం, లేదా ఇఫ్తార్, భోజనం అయ్యి మూడు గంటలు గడిచాక పడుకునే ముందు వేసుకోవడం. ఏదో ఒకటి ఎంచుకుని నెలంతా అదే పాటించాలి.

టీ4 శరీరంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. డోసు మార్చిన పది రోజులకే టీఎస్‌హెచ్ చేయిస్తే పాత లెక్కే కనిపిస్తుంది. గర్భిణులకు నాలుగు వారాలకోసారి, మిగతావాళ్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలకు. పరీక్ష రోజున రక్తం ఇచ్చాకే ఆ పూట గోలీ వేసుకోవాలి.